నోటితో ఇల్లు చూపించమన్న పెద్దక్క

మొన్న తిరుపతిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఆడపిల్లలకు పాఠం చెప్పమని నన్ను పిలిచారు. గృహ హింసను ఆపడానికి ఈ దేశం ఏమేం చేసిందో ఆ చరిత్రంతా చెప్పాలి. తెర మీద చూపించడానికి ముప్ఫై బొమ్మలు తయారు చేసుకుని పోయాను. ఎనభైల్లో శిక్షాస్మృతిలో చేర్చిన సెక్షను, తర్వాత వచ్చిన కుటుంబ సలహా కేంద్రాలు, మహిళా పోలీస్ స్టేషన్లు, రెండు వేల ఐదులో చేసిన గృహ హింస చట్టం, ఇప్పటి హెల్ప్‌లైన్లు, సఖి కేంద్రాలు. అన్నీ ప్రార్థనకు నిలబడిన బడిపిల్లల్లా వరసగా వచ్చాయి. చూసి నాకే ముచ్చటేసింది.

వెనక బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. "సార్, ఈ చట్టం రాకముందు తన్నులు తిన్న ఆడామె సాయంత్రానికి యాడికి పోతా ఉండె?"

నా ముప్ఫై బొమ్మల్లో దానికి జవాబు లేదు. అప్పుడు, ఒకనాడు నాతో పనిచేసిన పెద్దక్క గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే "నీ బొమ్మలు మూసేయప్పా, ఆ బిడ్డ అడిగిందానికి చెప్పు" అని కసిరేది. రెండేళ్ళ కిందట సత్యవేడులో తన సొంత ఇంట్లో, నిద్రలోనే పోయింది. నేను తెర ఆర్పేసి ఆమె గురించే చెప్పాను. టీ వేళ దాటిపోయినా ఎవరూ లేవలేదు. అదే ఇక్కడా రాస్తున్నాను.

పేరు రాయను. అది ఆమె పెట్టిన కట్టుబాటే. ఆఫీసుకొచ్చిన ఏ ఆడమనిషి పేరూ మా గది దాటి వినపడకూడదు. ఫైలు మీద పేరుంటుంది, నోట్లో మాత్రం ఊరే. పిచ్చాటూరామె, నగరి నుంచొస్తే నగరామె, పలమనేరామె. ఒకే ఊరి నుంచి ఇద్దరొస్తే రెండో ఆమెను చీర రంగుతో పిలిచేది. వాయిదా నాటికి చీర మారిపోతే నేను తికమకపడేవాణ్ణి, ఆమె పడేది కాదు. టీ అంగట్లో ఒకసారి నోరు జారి ఒకామె పేరు అన్నానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కాబట్టి ఆమెనూ ఆమె పద్ధతిలోనే చెప్తాను. మేమందరం పెద్దక్క అనేవాళ్ళం. ఊరు సత్యవేడు. అంతే.

గృహ హింస చట్టం అమల్లోకొచ్చిన కొత్తలో చిత్తూరులో ఒక సర్కారు ఆఫీసు వెనక గదిలో మమ్మల్ని కూర్చోబెట్టారు. నేను చట్టం చెప్పాలి, ఆమె వచ్చినవాళ్ళను మాట్లాడించాలి. ఇద్దరివీ కాంట్రాక్టు ఉద్యోగాలే. నేను నల్లకోటు కుట్టించుకుని అప్పటికి రెండేళ్ళు. కొత్త చట్టం మొత్తం కంఠతా వచ్చేసినందువల్ల జిల్లాలో ఆడవాళ్ళ కష్టాలు ఇక నా చేతి మీదుగానే తీరబోతున్నాయని గట్టి నమ్మకం. ఆమెకు యాభై దాటాయి. పొట్టి మనిషి. నూలు చీర, చెవులకు రాళ్ళ కమ్మలు, బుగ్గన ఎప్పుడూ ఒక వక్కపలుకు. కోపమొస్తే దాన్ని కటుక్కున కొరికేది. ఆ చప్పుడు వింటే మా జీపు డ్రైవరు కూడా బీడీ పారేసేవాడు.

ఆమెకొక కుర్చీ, మేజా ఇచ్చారు. అందులో ఆమె కూర్చోగా నేను చూడలేదు. ఒక స్టూలు లాక్కుని వచ్చినామె పక్కన, భుజం తగిలేంత దగ్గరగా కూర్చునేది. మొదటి మాట "ఏమైంది" అని కాదు, "ఏ బస్సుకు పోవాలమ్మా?" అని. నేనది మర్యాద కోసం అడిగే మాట అనుకున్నాను. కాదు. వచ్చినామె ఇంట్లో ఏం చెప్పి వచ్చిందో, ఎంతసేపటికి తిరిగి కనపడకపోతే దెబ్బలు పడతాయో ఆ ఒక్క మాటతో తెలుసుకునేది. పుత్తూరు బస్సు పదకొండున్నరకైతే మా మాటలు పదకొండుంబావుకు అయిపోవాలి. నేను సెక్షన్లు మొదలు పెడితే "నీ సెక్షన్లు బస్సుకు టిక్కెట్టు కొట్టవు, ఆపు" అనేది.

ఇక ఆమె విచారణ. మేం నింపాల్సిన సర్కారు ఫారంలో ఎప్పుడు కొట్టాడు, దేంతో కొట్టాడు అని గళ్ళుంటాయి. ఆమె ఆ గళ్ళ జోలికి ముందుగా పోయేది కాదు. "కండ్లు మూసుకోమ్మా. మీ వీధి వాకిట్లో నిలబడు. తలుపు తెరువు. ఇంగ నోటితో ఇల్లు చూపించు నాకు" అనేది.

వాళ్ళు మొదట సిగ్గుపడేవాళ్ళు. తర్వాత మెల్లగా లోపలికి పోయేవాళ్ళు. ఎడమ పక్క నీళ్ళ తొట్టి, ఆ పైన దండెం, నడవలో బియ్యం డ్రమ్ము, దాని వెనక గోడకు చెమ్మ. ఎక్కడో ఒకచోట గొంతు ఆగిపోయేది. అక్కడ పెద్దక్క కలం పెట్టేది. "దెబ్బకు ఒక తావు ఉంటాదప్పా. ఆ తావుకు పోకుండా మాట రాదు" అని నాకు చెప్పింది. ఆ తర్వాత కూడా ఆపేది కాదు. పొయ్యి ఏ దిక్కు, కొళాయి ఎన్నింటికొస్తుంది, పాప పుస్తకాలు ఎక్కడ పెడతారు, అన్నీ రాసేది. టైపు చేయాల్సింది నేను. నాలుగేసి పేజీలు. "అక్కా, మనం కేసు రాస్తా ఉండామా, ఇల్లు అమ్మేదానికి పత్రం రాస్తా ఉండామా?" అని ఎగతాళి చేసేవాణ్ణి. వక్క కటుక్కుమనేది.

ఆమె మొదటినుంచీ ఇట్లా లేదు. ఒకసారి వరదయ్యపాళెం నుంచి జీపులో వస్తూ చెప్పింది. పాతికేళ్ళ వయసులో, ఎనభైల్లో, ఒక మహిళా సంఘం తరఫున ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులో కూర్చునేదట. పోతూ పోతూ కూడా "స్టవ్వు పేలింది" అనే చెప్పేవాళ్ళట ఆ పిల్లలు. చట్టంలో కొత్త సెక్షను చేరింది కానీ దాన్ని వాడాలంటే ముందు నోరు విప్పే మనిషి బతికి ఉండాలి. ఆ తర్వాత సలహా కేంద్రాలొచ్చాయి. అక్కడ ఆమెకు పెద్ద పేరు. మొగుణ్ణీ పెళ్ళాన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇద్దరినీ తిట్టి, రాజీ కాగితం రాయించి, ఇద్దరి సంతకాల కింద తన సంతకం పెట్టి, చేతికి ఆకూవక్కా ఇచ్చి బస్సెక్కించేది. కాపురాలు నిలబెట్టే తల్లి అనేవాళ్ళట.

"పులికాట్ ఒడ్డున ఒక ఊరామె," అంది పెద్దక్క, కిటికీలోంచి బయటికి చూస్తూ. "పంపిన నాలుగు నెలలకు మళ్ళీ వచ్చింది. దవడ ఇరిగి కట్టు కట్టుండారు. మాట రాలేదు. రొంటిలోంచి ఆ రాజీ కాయితం తీసి బల్ల మీద పరిచింది. వాడి సంతకం మింద వేలు పెట్టలేదప్పా. నా సంతకం మింద పెట్టింది."

 డ్రైవరు గేరు మార్చడం మరిచిపోయి రెండో గేరులోనే పోనిచ్చాడు.

"బతికింది," అంది మళ్ళీ. "వాళ్ళమ్మగారింట్లో ఉండాది ఇప్పుడు. నాతో మాత్రం ఈ పొద్దుకీ మాట్లాడదు. మాట్లాడకూడదు గూడా."

ఆనాటి నుంచి రాజీ కాగితం మీద ఆమె సంతకం పెట్టలేదు. ఇల్లు వదిలి పుట్టింటికి పొమ్మని కూడా ఎవరికీ చెప్పలేదు. తప్పు చేసినవాడు ఇంట్లో ఉంటే దెబ్బలు తిన్నామె ఊరు దాటి పోవడమేమిటి అనేది ఆమె కోపం. ఆ కోపానికి తగిన చట్టం కోసం ఇరవై ఏళ్ళు కాచుకుంది.

అప్పుడొచ్చింది నగరామె.

ముప్ఫై ఏళ్ళుంటాయి. మొగుడికి నగరిలో రెండు మరమగ్గాలున్నాయి. ఈమె కండెలు చుట్టేది, మగ్గాల దగ్గర నిలబడేది, వంట చేసేది, తన్నులు తినేది. చివరికి ఒకరోజు మొగుడూ అత్తా కలిసి బయటికి నెట్టి తాళం వేసుకున్నారు. పాపను తీసుకుని పిచ్చాటూరులో అన్న ఇంట్లో తలదాచుకుని మా దగ్గరికి వచ్చింది. నేను వెంటనే విడాకులు, భరణం అని మొదలు పెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అదంతా వద్దు సార్. నా ఇంట్లో నేనుండాల. వాడు నా మింద చెయ్యెత్తకూడదు. ఈ రెండూ జరిగేదానికి చట్టముండాదా, లేదా? అది చెప్పు."

నేను పుస్తకం తీశాను. తీయాల్సిన పని లేదు, కంఠతా వచ్చు. కానీ అంతకుముందు ఎవరూ అంత సూటిగా అడగలేదు.

పెద్దక్క ముందుకు వంగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇంతకాలం లేదమ్మా. ఇప్పుడుండాది" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూడాలి. పిల్లకు మొదటి మార్కు వచ్చినప్పుడు తల్లి మొహం అట్లా ఉంటుంది.

జిల్లాలో మా చేతి మీదుగా రావాల్సిన మొదటి నివాస ఉత్తర్వు, అంటే ఆమెను ఇంట్లో ఉండనివ్వాలనే కోర్టు ఆజ్ఞ, అదే. వస్తే వీధి వీధికీ తెలుస్తుంది. వచ్చీ అమలు కాకపోతే, చట్టం వడలు చుట్టుకునే కాగితమని కూడా వీధి వీధికీ తెలుస్తుంది. కోర్టులో అవతలి లాయరు, ఇల్లు అత్త పేరు మీద ఉంది, ఈమె అసలక్కడ కాపురమే చేయలేదు, వేరే వీధిలో అద్దెకుండేవాళ్ళు అన్నాడు. జడ్జిగారు పెద్దక్క రాసిన నాలుగు పేజీలూ చదివారు. చదివి, మొగుణ్ణి పిలిచి, "మీ ఇంట్లో కొళాయి మీట ఎక్కడుంటుంది?" అని అడిగారు. వాడు తల గోక్కున్నాడు. నగరామె చెప్పిన ప్రకారం అది తొట్టి వెనక బండ కింద ఉంటుంది, బండ ఎత్తితే గానీ నీళ్ళు రావు. బండ ఉన్న మాట వాడు కాదనలేకపోయాడు. రోజూ నీళ్ళు పట్టే మనిషికి తప్ప మీట సంగతి ఎవరికి తెలుస్తుంది? ఉత్తర్వు వచ్చింది. నేను కోర్టు మెట్ల మీద ఎగిరి గంతేసినంత పని చేశాను. ఎగతాళి చేసిన పేజీలే గట్టెక్కించాయన్న మాట మాత్రం ఆమెతో అనలేదు. అహం ఒకటి ఉంటుంది కదా.

ఉత్తర్వు పట్టుకుని పొద్దున పదింటికి నగరి పోయాం. పెద్దక్క, నేను, నగరామె, స్టేషను నుంచి ఒక మహిళా కానిస్టేబులు. నేత వీధిలో అడుగు పెడితే ఎదుటి మనిషి మాట వినపడదు. ప్రతి ఇంట్లో మగ్గం టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. ఆ ఇంటి ముందు అత్త నిలబడి ఉంది, పక్కన కొడుకు. మర్యాదగానే మాట్లాడాడు.

"కోర్టు చెప్పినాక కాదంటామా సార్? ఆ డోరు నంబరులోనే పెడతాం. రాండి."

తీసుకుపోయి పక్కనున్న మగ్గాల కొట్టం చూపించాడు. మూల ఒక చాప, ఒక కుండ. ఇంటి తలుపుకు మాత్రం తాళం. ఇల్లూ కొట్టమూ ఒకటే డోరు నంబరు. నా అర్జీలో నేను కోరింది ఆ డోరు నంబరులో నివాసం. చట్టమంతా కంఠతా వచ్చిన నేను, నేత వీధిలో ఒక నంబరుకు రెండు తలుపులుంటాయన్న సంగతి తెలుసుకోలేదు.  నగరామె నన్నే చూస్తోంది. ఆ చూపు ముందు నేను తల దించుకున్నాను.

పెద్దక్క వక్క కొరకలేదు. నెమ్మదిగా ఉత్తర్వు నా చేతికిచ్చి, "కడాన జడ్జిగారు ఏం రాసినారో సదువు. గట్టిగా సదువు" అంది.

చదివాను. 'జతపరిచిన నివేదికలో వివరించిన ఇంటి భాగాలన్నిటిలోనూ' అని ఉంది.

"ఇంగ ఆ నివేదిక సదువు. వీధికంతా ఇనపడాల."

నేను రోడ్డు మీద నిలబడి నాలుగు పేజీలూ ఎత్తుకున్నాను. తలుపు తెరవగానే ఎడమ పక్క సిమెంటు తొట్టి. పక్కింటి మగ్గం ఆగింది. నడవలో బియ్యం డ్రమ్ము, దాని పైన గూట్లో పాప పలకలు. ఎదురింటి మగ్గం ఆగింది. వంటింట్లో మూడు అరలు, కింది అర పాత మగ్గం చెక్కతో ఆమే కొట్టుకున్నది. ఒక్కొక్క ఇంట్లో మగ్గం ఆగుతూ, ఆడవాళ్ళు చేతులకు నూలు పోగులతోనే బయటికి వస్తున్నారు. నేను పేజీ తిప్పేసరికి వీధిలో నా గొంతు తప్ప వేరే చప్పుడు లేదు.

"నిజమే సార్, ఆ చెక్క నా కండ్ల ముందరే కొట్టింది" అంది ఒకామె.

"ఆ తొట్టి కట్టేటప్పుడు ఇసుక మోసింది గూడా ఆ బిడ్డే" అంది ఇంకొకామె.

కొడుకు మొహం ఎర్రబడింది. నగరామె వీధి మధ్యలో నిలబడి ఏడుస్తోంది, కానీ తల ఎత్తుకుని ఏడుస్తోంది. కానిస్టేబులు ముందుకొచ్చి తాళం తీయమంది.

"తాళం చెవి పోయింది" అన్నాడు కొడుకు.

"దొరికిందాకా ఈడే కూసుంటాం" అని పెద్దక్క వీధి అరుగు మీద, అత్త పక్కనే, ఆమె భుజం తగిలేట్టు కూర్చుంది. అరగంట గడిచింది. ఎండ నెత్తికెక్కింది. అప్పుడు ఆ ముసలామె, ఎవరి మొహమూ చూడకుండా, గొణిగినట్టు అంది.

"నన్ను గూడా నా మొగుడు తన్నినాడు. పండ్లు రాలినాయి. నేను యాడికి పోయినా? ఏ కోర్టుకు పోయినా? ఈడే పడుండా గదా."

"అప్పుడీ కాయితం లేదమ్మా," అంది పెద్దక్క. "ఉన్నింటే ముందు నీకే తెచ్చుందును."

ముసలామె రొంటిలో చెయ్యి పెట్టి తాళం చెవి తీసింది. కొడుకు "అమ్మా" అని అరిచాడు. ఆమె వినిపించుకోలేదు. చెవిని కానిస్టేబులుకు కాదు, కోడలి చేతికిచ్చింది. నగరామె తాళం తీసి లోపలికి పోయింది. నేరుగా తొట్టి దగ్గరికి పోయి బండ ఎత్తి కొళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు వీధిలోకి వినపడింది. ఎవరో ఆడామె చప్పట్లు కొట్టింది, అంతే, వీధి వీధంతా కొట్టింది. నేను కూడా కొట్టాను. లాయర్లు అట్లా కొట్టకూడదేమో, నాకు తెలియదు. నా బతుకులో అంత సంతోషంగా నేను ఏ కేసూ గెలవలేదు. వాడి చేత, ఆమె మీద చెయ్యెత్తకూడదని కోర్టు అదే రోజు ఇచ్చిన రెండో కాగితం అందినట్టు సంతకం పెట్టించుకుని వచ్చేశాం.

దారిలో "అక్కా, క్షమించు, నీ పేజీలు లేకుంటే పరువు పోయేది" అన్నాను. "పరువు నీది కాదప్పా, ఇల్లు ఆమెది. అది పోయుండేది" అంది. తర్వాత పుత్తూరులో బండి ఆపించి నాకు మైసూర్‌పాక్ కొనిపెట్టింది. ఆమె ఎవరికైనా ఏదైనా కొనిపెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఎనిమిది నెలల తర్వాత మా గది గుమ్మంలో ముసలి అత్త నిలబడి ఉంది. చెంప వాచి ఉంది. పెళ్ళాం మీద చెయ్యెత్తితే జైలని తెలిసినవాడు, ఇల్లు తన పేరుకు రాయమని తల్లి మీద పడ్డాడు. ఆమె లోపలికి రాకుండా గోడ పట్టుకుని తటపటాయిస్తుంటే పెద్దక్క లేచి ఎదురుపోయింది.

"ఇల్లు నీ పేరు మీదనే ఉండాది గదమ్మా" అన్నాను నేను, తెలివి తక్కువగా.

"ఇల్లు నాదే అబ్బా," అంది ముసలామె. "కొట్టే చెయ్యి వానిది."

ఆ చట్టం తల్లికీ వర్తిస్తుంది. ఈసారి నేను రెండు తలుపుల సంగతీ రాశాను. ఉండాల్సింది ఆమె అనీ, బయటికి పోవాల్సింది కొడుకు అనీ అడిగాం. వాయిదా నాడు అదే కోర్టు, అదే జడ్జిగారు. అవతలి లాయరు లేచి, నాలుగు గోడల మధ్య జరిగిందంటున్నారు, ముసలామె మాట తప్ప రుజువేముంది అన్నాడు. జడ్జిగారు కాగితాల మీదనుంచి తలెత్తి చూశారు.

"ఇదంతా చూసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అమ్మా?"

ముసలామె బోను కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది. పెద్దక్క పక్కన కూర్చున్న నగరామె అప్పటికే లేచి నిలబడి ఉంది.

"ఉండాది సామీ, నా కోడలు," అంది ముసలామె. "ఇంట్లోనే ఉంటాది."